మైలుతుత్తం నీళ్ల నుంచి ఎలక్ట్రాన్ గన్ దాకా: ప్రాజెక్టు డైరీ

ఏం చేయబోతున్నాను

కదిలే ఆవేశం మీద అయస్కాంత క్షేత్రం చూపించే బలం ఎప్పుడూ పక్కకే ఉంటుంది. కణం పోతున్న దారికి లంబంగా, క్షేత్రం దిశకి కూడా లంబంగా. ముందుకు తోయదు, వెనక్కి లాగదు, కణం ఆగి ఉంటే దాని జోలికే పోదు. పుస్తకంలో ఇదంతా ఒక్క లైను: వేగం క్షేత్రానికి అడ్డంగా ఉన్నప్పుడు బలం = ఆవేశం × వేగం × క్షేత్రం. క్షేత్రం వెంబడే పోతుంటే బలం సున్నా. ఎడమచేతి వేళ్లు మూడు దిక్కులకు చాపి ఈ లెక్కలు చేసినవాళ్లం చాలామందిమే ఉంటాం. కానీ ఆ 'పక్కకే' అన్న ఒక్క మాటలోంచి ఎన్ని సంగతులు పుట్టుకొస్తాయో చేత్తో చేసి చూస్తేనే పూర్తిగా అర్థమవుతుందని నా నమ్మకం. అందుకే ఈ ప్రాజెక్టు.

ముందు నీళ్లలో అయాన్లను (ఆవేశం ఉన్న పరమాణువులు, అణువులను) తిప్పాలి. తర్వాత శూన్యంలో ఎలక్ట్రాన్లను వంచాలి. చివరికి ఎలక్ట్రాన్ ఆవేశాన్ని దాని ద్రవ్యరాశితో భాగిస్తే వచ్చే నిష్పత్తిని బల్ల మీదే కొలవాలి. అందరూ ఒప్పుకున్న విలువ కిలోగ్రాముకు 1.759 × 10¹¹ కులూంలు. నా కొలత అందులో పది శాతం తేడా లోపల రావాలన్నది పెట్టుకున్న లక్ష్యం.

పళ్లెంలో సుడి

సామాను: అడుగు చదునుగా ఉన్న గాజు పళ్లెం, అంచు పొడవునా వంచి పెట్టిన రాగి రేకు, మధ్యలో నిలబెట్టిన రాగి కడ్డీ, పళ్లెం కింద ఉత్తర ధ్రువం పైకి ఉండేలా ఒక నియోడైమియం అయస్కాంతపు బిళ్ల. పళ్లెంలో వేలి మందం కన్నా తక్కువ లోతుగా మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) ద్రావణం. మామూలు ఉప్పునీళ్లతో కూడా ఇది జరుగుతుంది కానీ, అప్పుడు ఒక కొస దగ్గర క్లోరిన్ వాయువు రావచ్చు, మూసిన గదిలో అది మంచిది కాదు. మైలుతుత్తం, రాగి జోడీ అయితే వాయువు గొడవ లేదు. ఒక కొస దగ్గర రాగి కరుగుతుంది, రెండో కొస మీద పేరుకుంటుంది. అయితే మైలుతుత్తం విషపదార్థం. చేతికి గ్లవుజులు వేసుకోవాలి, పని అయ్యాక ద్రావణాన్ని కాలవలో పారబోయకుండా సీసాలో దాచుకోవాలి.

అంచుకి ప్లస్, మధ్య కడ్డీకి మైనస్ ఇచ్చి 9 వోల్టులు పెట్టాను. మీటరు అర ఆంపియర్ చూపించింది. నీళ్ల మీద చల్లిన రంపపుపొట్టు ఒక్క క్షణం ఊరుకుని, తర్వాత మెల్లగా తిరగడం మొదలుపెట్టింది. పైనుంచి చూస్తే గడియారం ముల్లుకు ఎదురు దిశలో. బిళ్లను తిరగేసి పెడితే సుడి ఆగి, రెండో వైపుకి తిరిగింది. వైర్లు కూడా మార్చి పెడితే మళ్లీ మొదటి దిశకే వచ్చింది.

ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాల్సిన విషయం ఒకటుంది. రాగి అయాన్లు ధనావేశంతో లోపలికి నడుస్తున్నాయి. సల్ఫేట్ అయాన్లు రుణావేశంతో బయటికి నడుస్తున్నాయి. దిశలు ఎదురెదురు కాబట్టి ఒకటి ఇటు, ఒకటి అటు తోసి, నీళ్లు కదలకుండా ఉండాలి కదా అనిపిస్తుంది. సూత్రంలో చూడండి: వేగం గుర్తు మారింది, ఆవేశం గుర్తు కూడా మారింది. రెండు మైనస్‌లు కలిసి ప్లస్. రెండు రకాల అయాన్లూ నీళ్లను ఒకే వైపుకి నెడుతున్నాయి. కరెంటును మోసేది ధనావేశమైనా రుణావేశమైనా మొత్తం బలం దిశ ఒక్కటే.

అంటే ఒక తీగని అయస్కాంతం ఎటు తోస్తుందో ఎంతసేపు చూసినా, లోపల ఏ గుర్తు ఉన్న ఆవేశం కదులుతోందో చెప్పలేం. ఆ ముడి విప్పే దారి చూపింది 1879లో ఎడ్విన్ హాల్. పలచటి బంగారు రేకులో కరెంటు పంపి, అడ్డంగా అయస్కాంత క్షేత్రం పెట్టి, రేకు రెండు అంచుల మధ్య పుట్టే చిన్న వోల్టేజీని కొలిచాడు. ఏ గుర్తు ఆవేశమైనా ఒకే అంచుకి జరుగుతుంది కాబట్టి, ఆ అంచు ప్లస్ అయిందా మైనస్ అయిందా అన్నది లోపలి సంగతి చెప్పేస్తుంది. ఎలక్ట్రాన్‌ను కనుక్కోవడానికి అది 18 ఏళ్ల ముందు. ఈ ప్రాజెక్టులో తర్వాత క్షేత్రాన్ని కొలవడానికి వాడబోయే హాల్ సెన్సర్ కూడా ఆ పని మీదే నడుస్తుంది. అంటే పక్కకు తోసే ఈ బలాన్ని కొలిచే పనిముట్టు లోపల కూడా అదే బలం.

రెండో సంగతి వేగాల గురించి. ఈ పళ్లెంలో రాగి అయాన్ నడక సెకనుకు దాదాపు మిల్లీమీటరులో వందో వంతు. నీళ్లు మాత్రం కంటికి తెలిసేంత జోరుగా తిరుగుతున్నాయి. ఒక్కో అయాన్ మీద బలం లెక్కకు కూడా అందనంత చిన్నది. కానీ అర ఆంపియర్ కరెంటు, అయస్కాంతం మీదుగా 2 సెంటీమీటర్ల దారి, 0.1 టెస్లా (అయస్కాంత క్షేత్రానికి కొలమానం) క్షేత్రం అనుకుంటే మొత్తం బలం ఒక మిల్లీన్యూటన్, అంటే గ్రాములో పదో వంతు బరువంత. పళ్లెంలో నీళ్లను తిప్పడానికి అది సరిపోతుంది.

ఆ తిప్పే శక్తి ఎక్కడిది? బ్యాటరీది. అయస్కాంతం తన దగ్గరనుంచి ఒక్క జౌలు కూడా ఇవ్వదు. దారికి లంబంగా ఉన్న బలం పని చేయలేదు, దారి మళ్లించడం వరకే దాని వంతు.

ట్యూబు బయటికి వచ్చింది

పాత ఆసిలోస్కోపు (విద్యుత్ సంకేతాన్ని తెర మీద గీతగా చూపే పరికరం) ఒకటి పనికిరాక పడి ఉంది. అందులో ట్యూబు బాగానే ఉంది: 7 సెంటీమీటర్ల గుండ్రటి తెర, వెనక సన్నటి మెడ, మెడలో ఎలక్ట్రాన్లను వెలువరించి ముందుకు తోసే ఎలక్ట్రాన్ గన్, గన్ ముందు రెండు జతల పలకలు. టీవీ ట్యూబుకీ దీనికీ తేడా ఆ పలకలే. పాత ట్యూబు టీవీలో ఎలక్ట్రాన్ల ధారను, అంటే బీమ్‌ను తిప్పేది మెడ చుట్టూ ఉన్న కాయిల్స్, అంటే అయస్కాంత క్షేత్రం. ఆసిలోస్కోపులో తిప్పేది పలకల మధ్య విద్యుత్ క్షేత్రం. నాకు కావలసింది ఇదే, ఎందుకంటే బయట నేను పెట్టే అయస్కాంతం తప్ప లోపల వేరే అయస్కాంతం ఉండకూడదు.

ట్యూబు చుట్టూ మ్యూ-మెటల్ తొడుగు ఉంది. బయటి అయస్కాంత క్షేత్రాలను తనలోంచి మళ్లించుకుపోయే మిశ్రమలోహం అది. దాన్ని తీసేశాను. అది ఎందుకు పెట్టారో తర్వాతి మెట్టులో బాగా తెలిసింది.

ఇలాంటిది చేయాలనుకునేవాళ్లకు గట్టిగా చెప్పాల్సినవి ఇక్కడే చెప్తాను. ట్యూబు లోపల శూన్యం ఉంది, గాజు పగిలితే ముక్కలు లోపలికి దూసుకుపోయి మళ్లీ బయటికి చిమ్ముతాయి. కళ్లద్దాలు లేకుండా దాన్ని ముట్టుకోకూడదు. సప్లై 500 వోల్టులు. స్విచ్ ఆపినా కెపాసిటర్లలో ఆ వోల్టేజీ ఉండిపోతుంది, అందుకని ప్రతి కెపాసిటర్ మీదా ఛార్జీని దించేసే రెసిస్టర్ శాశ్వతంగా అతికించాను. ముట్టుకునే ముందు మీటరుతో చూసుకోవడం తప్పనిసరి. సప్లై ఆన్‌లో ఉన్నంతసేపూ ఒక చెయ్యి జేబులోనే ఉండాలి. హై వోల్టేజీ పని ఇంతకు ముందు చేయనివాళ్లు తెలిసినవాళ్లను పక్కన పెట్టుకోకుండా ఈ మెట్టు ఎక్కకపోవడమే మంచిది. పళ్లెం ప్రయోగం ఒక్కటి చేసినా నేర్చుకోవడానికి కావలసినంత ఉంది.

కాథోడ్‌ను (ఎలక్ట్రాన్లు వెలువడే కొస) మైనస్ 500 వోల్టుల దగ్గర పెట్టి, వాటిని లాక్కునే ఆనోడ్‌ను ఎర్త్‌కు కలిపాను. ఇలా చేస్తే పలకల దగ్గర ప్రమాదకరమైన వోల్టేజీ ఉండదు. హీటర్‌కు 6.3 వోల్టులు. మెడలో ఎర్రటి కాంతి వచ్చింది, కాసేపటికి తెర మధ్యలో పచ్చటి చుక్క. వెలుగు బాగా తగ్గించి ఉంచాను, లేకపోతే ఒకేచోట నిలిచిన చుక్క తెర మీది పూతను మాడ్చేస్తుంది.

500 వోల్టులు దాటి వచ్చిన ఎలక్ట్రాన్ వేగం సెకనుకు 1.33 × 10⁷ మీటర్లు. కాంతి వేగంలో 4.4 శాతం. సాపేక్షతా సిద్ధాంతం సవరణలు ఇక్కడ పట్టించుకోనక్కర్లేదు.

భూమే మొదటి అయస్కాంతం

కాయిల్ ఏదీ చుట్టకముందే చుక్క కదిలింది. ట్యూబును చెక్క పలక మీద బిగించి, పలకను దిక్సూచి పక్కన పెట్టి నెమ్మదిగా తిప్పాను. తెర తూర్పుకి తిరిగి ఉన్నప్పుడు చుక్క కిందికి దిగింది. పడమరకి తిప్పితే పైకి ఎక్కింది. ఉత్తరం, దక్షిణం వైపు ఉన్నప్పుడు మధ్య ఎత్తులో నిలిచింది.

లెక్క చూడండి. భూమి క్షేత్రంలో అడ్డంగా ఉండే భాగం ఉత్తరం వైపు ఉంటుంది. తూర్పుకి పోతున్నది ధనావేశమైతే బలం పైకి. ఎలక్ట్రాన్‌ది రుణావేశం, కాబట్టి కిందికి. ఉత్తరానికి పోతుంటే ఆ భాగం వెంబడే పోతోంది, కాబట్టి దాని నుంచి బలం సున్నా. పుస్తకంలోని లైను మొత్తం ఒక చెక్క పలకను తిప్పితే కనిపించింది. ఈ మెట్టు మీద అనుకున్నదానికన్నా చాలా ఎక్కువ సమయం గడిపాను, పలకను తిప్పుతూ, మళ్లీ తిప్పుతూ.

తూర్పు నుంచి పడమరకి మొత్తం జరుగుడు 7 మిల్లీమీటర్లు. అంటే ఒక్కో వైపు మూడున్నర. ఆనోడ్ నుంచి తెరకి దారి సుమారు 12 సెంటీమీటర్లు. దాన్నిబట్టి లెక్కకడితే భూమి క్షేత్రంలో అడ్డ భాగం 37 మైక్రోటెస్లా వచ్చింది. భూమి ఉపరితలం మీద మొత్తం క్షేత్రం చోటునుబట్టి 25 నుంచి 65 మైక్రోటెస్లా వరకు ఉంటుంది కాబట్టి ఇది నమ్మదగిన అంకె.

చుక్క కిందికి దిగడంలో గురుత్వాకర్షణ వాటా ఎంత అని ఎవరైనా అడగొచ్చు. ఎలక్ట్రాన్ ఆ 12 సెంటీమీటర్లు దాటడానికి పట్టేది 9 నానోసెకన్లు. ఆ లోపల అది కిందికి పడే దూరం 4 × 10⁻¹⁶ మీటర్లు, ఒక ప్రోటాన్ వ్యాసార్థం కన్నా తక్కువ. భూమి అయస్కాంతం ఎలక్ట్రాన్ మీద చూపే బలం దాని బరువుకి దాదాపు పది లక్షల కోట్ల రెట్లు.

కాయిల్ జత

రెండు ఒకేలాంటి కాయిల్స్, ఒక్కోటి 50 చుట్లు, వ్యాసార్థం 12 సెంటీమీటర్లు, రెండింటి మధ్య దూరం కూడా 12 సెంటీమీటర్లే. హెల్మ్‌హోల్ట్జ్ జత అంటారు. వ్యాసార్థమూ దూరమూ సమానంగా ఉంటే మధ్యలో క్షేత్రం చాలామేర ఒకే రకంగా ఉంటుంది. ఆంపియర్‌కి 0.375 మిల్లీటెస్లా.

ట్యూబును ఉత్తర దక్షిణాలుగా పెట్టి, కాయిల్స్‌ను రెండు పక్కలా నిలబెట్టాను. 0.3 ఆంపియర్లకు చుక్క 11 మిల్లీమీటర్లు పైకి జరిగింది, 0.6కి 22. కరెంటును తిరగేస్తే అంతే కిందికి. రెండు వైపులా కొలిచి సగటు తీసుకుంటే భూమి క్షేత్రం మిగిల్చిన కాస్త తేడా కూడా కొట్టుకుపోతుంది.

తర్వాత వోల్టేజీ మార్చాను. 500 నుంచి 300కి తగ్గిస్తే, అదే 0.3 ఆంపియర్లకు జరుగుడు 11 నుంచి 14కి పెరిగింది. ఇది వోల్టేజీ వర్గమూలాన్నిబట్టి తగ్గే లెక్క. పలకలతో జరిపినప్పుడు మాత్రం జరుగుడు వోల్టేజీకే విలోమంగా ఉంటుంది, వర్గమూలానికి కాదు. తేడా ఎక్కడ వచ్చిందంటే, వేగం పెరిగేకొద్దీ ఎలక్ట్రాన్ క్షేత్రంలో ఉండే సమయం తగ్గుతుంది, కానీ అయస్కాంత బలం వేగంతో పాటే పెరిగి ఆ నష్టంలో కొంత పూడుస్తుంది. విద్యుత్ బలానికి ఆ గుణం లేదు. పెద్ద రంగుల టీవీ ట్యూబుల్లో 25 వేల వోల్టుల దాకా వాడేవాళ్లు. అంత వేగంగా వచ్చే బీమ్‌ను తెర మూలల దాకా పలకలతో వంచడం చాలా కష్టం, అందుకే అక్కడ కాయిల్స్ వచ్చాయి.

ఈ కొలతల నుంచే నిష్పత్తి లెక్కకట్టొచ్చు. అయితే ఆ సూత్రంలో దారి పొడవు నాలుగో ఘాతంలో ఉంది. పొడవు 12 సెంటీమీటర్లు అనుకుంటే నిష్పత్తి 1.85 × 10¹¹ వస్తుంది. 11.5 అనుకుంటే 2.19. 12.5 అనుకుంటే 1.57. గాజు బయటినుంచి చూస్తూ, ఎలక్ట్రాన్ ఎక్కడ వేగం పుంజుకోవడం ఆపింది, ఎక్కడినుంచి స్వేచ్ఛగా పోతోంది అన్నది అర సెంటీమీటరు కచ్చితంగా చెప్పలేం. అంత చిన్న సందేహం జవాబును ఇంత ఊపేస్తుంటే ఈ దారి వద్దనుకున్నాను.

సోలినాయిడ్

మంచి దారి ఇంకోటుంది: క్షేత్రాన్ని బీమ్‌కు అడ్డంగా కాకుండా, బీమ్ వెంబడే పెట్టడం.

దానికి కావలసింది సోలినాయిడ్, అంటే గొట్టం మీద వరసగా చుట్టిన పొడవాటి కాయిల్. 40 సెంటీమీటర్ల పీవీసీ పైపు, లోపల ట్యూబు పట్టేంత వెడల్పు. దాని మీద ఒక మిల్లీమీటరు మందం ఎనామిల్ రాగి తీగ, రెండు పొరలు. చుట్టడం ఒక్కటే పెద్ద పని. తీగ మొత్తం సుమారు 220 మీటర్లు, బరువు కిలోన్నర. ఒక చుట్టు ఇంకో చుట్టును ఆనుకుని కూర్చోవాలి, సందు వస్తే ఆ సందు చివరిదాకా పాకుతుంది. పైపును రెండు కొసల్లో ఇరుసు మీద పెట్టి, ఒక చేత్తో తిప్పుతూ రెండో చేతి బొటనవేలి గోరుతో తీగను పక్క చుట్టుకి నొక్కుకుంటూ పోవడమే. కొంత దూరం చుట్టాక టేపు వేసి బిగించకపోతే వదిలిన క్షణంలో అంతా విప్పుకుంటుంది. మొదటి పొర మీద పలచటి కాగితం చుట్టి రెండో పొర వేశాను. మీటరుకు 1900 చుట్లు తేలాయి, నిరోధం 4.8 ఓమ్‌లు.

2 ఆంపియర్లు పంపితే మధ్యలో క్షేత్రం లెక్క ప్రకారం 4.65 మిల్లీటెస్లా ఉండాలి. హాల్ సెన్సర్‌ను స్కేలుకి అతికించి లోపలికి తోశాను. గాస్‌కి 1.4 మిల్లీవోల్టులు ఇచ్చే సెన్సర్ అది (పది గాస్‌లు ఒక మిల్లీటెస్లా), మధ్యలో 64 మిల్లీవోల్టుల మార్పు చూపించింది. అంటే 4.6 మిల్లీటెస్లా. మధ్యనుంచి అటూ ఇటూ 5 సెంటీమీటర్ల దాకా అంకె దాదాపు కదల్లేదు. పైపు కొసకి వచ్చేసరికి సగమైంది. కాబట్టి ట్యూబులో మనకు పనికొచ్చే భాగాన్ని సరిగ్గా మధ్యలోకి తెచ్చి బిగించాను.

ముందు పలకలకు ఏమీ ఇవ్వకుండా, ఉత్త చుక్కతో సోలినాయిడ్ ఆన్ చేశాను. చుక్క ఉన్నచోటే ఉంది. కాయిల్ జతలో 0.11 మిల్లీటెస్లాకే 11 మిల్లీమీటర్లు జరిగిన చుక్క, దానికి 40 రెట్లు బలమైన క్షేత్రంలో నిలకడగా నిలబడింది. క్షేత్రం వెంబడి పోయే కణానికి ఆ క్షేత్రం లేనట్టే. సూత్రంలోని సున్నా అంటే ఇదీ.

తర్వాత ఒక జత పలకలకు చిన్న ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఏసీ ఇచ్చాను. చుక్క సాగి అడ్డంగా 2 సెంటీమీటర్ల గీత అయింది. గీత మీద ఒక్కో బిందువు ఒక్కో రకం పక్క వేగంతో వచ్చిన ఎలక్ట్రాన్లది. చివర్లు పలకలు గట్టిగా నెట్టినవి, మధ్యవి అసలు నెట్టనివి.

ఇప్పుడు సోలినాయిడ్ కరెంటును సున్నా నుంచి మెల్లగా పెంచాను. గీత తిరగడం మొదలుపెట్టింది, తిరుగుతూ కుంచించుకుపోయింది. ఒక ఆంపియర్ దగ్గర నిట్టనిలువుగా నిలబడింది, పొడవు 13 మిల్లీమీటర్లు. ఒకటిన్నర దాటాక బాగా పొట్టిదై, వాలిపోతూ వచ్చింది. 2 ఆంపియర్ల దగ్గర గీత మొత్తం ఒక్క చుక్కలోకి ముడుచుకుంది. పొదిగినట్టున్న చిన్న, చాలా వెలుగున్న చుక్క. ఇంకాస్త పెంచితే మళ్లీ విచ్చుకుంది.

ఇందులో జరుగుతున్నది ఏమిటంటే, పక్క వేగం ఉన్న ప్రతి ఎలక్ట్రాన్ ముందుకు పోతూనే గుండ్రంగా తిరుగుతోంది, దారి స్ప్రింగు ఆకారం. పక్క వేగం ఎక్కువ ఉన్నదానికి పెద్ద చుట్టు, తక్కువ ఉన్నదానికి చిన్న చుట్టు. చుట్టు వ్యాసార్థం వేగానికి అనులోమం కాబట్టి, పెద్ద చుట్టు తిరిగేది వేగంగా తిరుగుతుంది, చిన్న చుట్టు తిరిగేది నిదానంగా తిరుగుతుంది, రెండింటికీ పట్టే సమయం మాత్రం ఒక్కటే. ఆ సమయంలో వేగం ఊసే లేదు: 2π × ద్రవ్యరాశి ÷ (ఆవేశం × క్షేత్రం). పలకల దగ్గర ఒకేచోట బయల్దేరినవన్నీ, సరిగ్గా ఒక చుట్టు పూర్తయ్యేసరికి మళ్లీ ఒకేచోట కలుస్తాయి. ఆ కలిసేచోటు తెర మీద పడేలా క్షేత్రాన్ని సర్దితే గీత చుక్కవుతుంది. సగం కరెంటు దగ్గర అవి అర చుట్టు మీద ఉంటాయి. అప్పుడు గీత 90 డిగ్రీలు తిరిగి, పొడవు మొదటిదానిలో 2/π వంతు, అంటే 64 శాతం ఉండాలి. 20 మిల్లీమీటర్లలో 64 శాతం అంటే 12.8. స్కేలు చూపింది 13.

ఈ ప్రాజెక్టు మొత్తంలో నాకు అన్నిటికన్నా నచ్చిన కొలత అదే. నిష్పత్తి అంకె కన్నా కూడా.

ఒక కాయిల్ ఎలక్ట్రాన్లకు కటకంలా పనిచేస్తుందని 1926లో హాన్స్ బుష్ చూపించాడు. అక్కడినుంచి 1931లో నాల్, రుస్కాల ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు వచ్చింది. వేగంతో సంబంధం లేని ఆ చుట్టు సమయాన్నే పట్టుకుని, అదే 1931లో లారెన్స్, లివింగ్‌స్టన్ అరచేతిలో పట్టేంత, కణాలను గుండ్రంగా తిప్పుతూ వేగం పెంచే సైక్లోట్రాన్‌లో హైడ్రోజన్ అయాన్లను 80 వేల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి దాకా తీసుకెళ్లారు. వాళ్లు వాడిన వోల్టేజీ 2 వేల లోపే. కణం వేగం పెరిగినా చుట్టు సమయం మారదు కాబట్టి, ఒకే లయలో మళ్లీ మళ్లీ చిన్న తోపు ఇస్తే చాలు. తోసేది విద్యుత్ క్షేత్రం. అయస్కాంతం ప్రతిసారీ కణాన్ని తిప్పి తెచ్చి తోపు దగ్గర నిలబెడుతుంది.

అంకెలు

నిష్పత్తి = 8π² × వోల్టేజీ ÷ (క్షేత్రం × దూరం) మొత్తానికి వర్గం. దూరం పలకల మధ్యనుంచి తెరకి, 10 సెంటీమీటర్లు. ఇక్కడ దూరం రెండో ఘాతమే, పైగా పలకలు మెడ గాజులోంచి కనిపిస్తాయి.

500 వోల్టులకు గీత 2.00 ఆంపియర్ల దగ్గర చుక్కయింది: 1.83 × 10¹¹. 400 వోల్టులకు 1.80 ఆంపియర్లు: 1.80 × 10¹¹. 300 వోల్టులకు 1.55 ఆంపియర్లు: 1.82 × 10¹¹. సగటు 1.82, అసలు విలువకన్నా మూడు శాతం పైచిలుకు ఎక్కువ. దూరంలో రెండు మూడు మిల్లీమీటర్ల సందేహం ఉంది, దానికే నాలుగు నుంచి ఆరు శాతం దాకా తేడా రావచ్చు. కాబట్టి ఇంతకు మించి దశాంశాల వెంట పడటంలో అర్థం లేదు.

500 వోల్టుల దగ్గర ఎలక్ట్రాన్ ఆ 10 సెంటీమీటర్లు దాటే సమయం ఏడున్నర నానోసెకన్లు. అంతలో సరిగ్గా ఒక్క చుట్టు.

కరెంటును రెట్టింపు చేస్తే రెండు చుట్లు తిరిగి మళ్లీ చుక్క కావాలి కదా అని 4 ఆంపియర్ల దాకా తీసుకెళ్లాను. 4 దగ్గరే చుక్క వచ్చింది. కానీ అక్కడ కాయిల్‌లో 75 వాట్లకు పైగా వేడి పుడుతోంది, పీవీసీ మెత్తబడకముందే ఆపేయాలి. అంకె చూసి వెంటనే ఆపేశాను. ఎక్కువసేపు కావాలంటే లోహపు పైపు, ఫ్యాను ఉండాలి.

తర్వాత

వేగాన్ని వోల్టేజీ నుంచి లెక్కకట్టకుండా నేరుగా కొలవాలని ఉంది. 1897లో జె.జె. థామ్సన్ చేసిన పద్ధతి అది: విద్యుత్ క్షేత్రం ఒక వైపు లాగుతుంటే అయస్కాంతంతో రెండో వైపు లాగి, చుక్కను మధ్యకు తీసుకురావడం. రెండు బలాలు సమానమైనప్పుడు వేగం = విద్యుత్ క్షేత్రం ÷ అయస్కాంత క్షేత్రం. ఆవేశం, ద్రవ్యరాశి రెండూ లెక్కలోంచి తప్పుకుంటాయి. అంతకుముందు హెర్ట్జ్ ఇలాంటి కిరణాలను విద్యుత్ క్షేత్రంతో వంచలేకపోయాడు. ట్యూబులో మిగిలిన వాయువు అయాన్లుగా మారి ఆ క్షేత్రాన్ని కప్పేసేది. థామ్సన్ శూన్యాన్ని మెరుగుపరిచాక వంపు కనిపించింది.

నా కాయిల్ జత దీనికి సరిపోదు. దాని క్షేత్రం దారి మొత్తం పరుచుకుని ఉంది, పలకలేమో 2 సెంటీమీటర్లే. అయస్కాంత క్షేత్రం కూడా పలకలున్నంత మేరకే ఉండాలి. పలకల సందు సుమారు 5 మిల్లీమీటర్లు, 30 వోల్టులు పెడితే మీటరుకు 6000 వోల్టులు. 500 వోల్టుల ఎలక్ట్రాన్‌కు దాన్ని సరితూచాలంటే 0.45 మిల్లీటెస్లా కావాలి. మెడకు రెండు పక్కలా ఆనేలా, పలకల పొడవుకి సరిపడే చిన్న దీర్ఘచతురస్రపు కాయిల్స్ రెండు చుడితే అది వస్తుంది. చట్రాలకు అట్ట కోసి పెట్టాను. చుట్టాక ముందు హాల్ సెన్సర్‌తో మెడ పొడవునా మిల్లీమీటరు మిల్లీమీటరుగా క్షేత్రాన్ని కొలిచి గ్రాఫు గీయాలి, ఆ తర్వాతే ట్యూబు దానిలోకి వెళ్తుంది.